యంత్రనాదము క్రొత్తదేనా?

ఒక సంగీతబృందము రికార్డును వెలువరించిన మరునాడే "ఇట్టిది ఇంతకుముందు పుట్టలేదు" అను ప్రశంస బయలుదేరుట నేటి ఆచారమైనది. ఆ మాట నిజమైనచో సంతోషింపవలసినదే. కాని కనబడిన ప్రతి రికార్డునకును ఆ మాటనే అతికించుచు పోయినచో, నిజముగా క్రొత్తదారి త్రొక్కినవానికి ఇచ్చుటకు మనయొద్ద మాట మిగులదు. అంతకంటె చెడుగు మరియొకటి కలదు. ముప్పది నలుబది ఏండ్లకు పూర్వమే ఆ పని చేసి, పెద్ద పేరును పెద్ద డబ్బును ఎరుగక ప్రక్కకు తప్పుకొన్నవారి కష్టము, ఇతరుల ఖాతాలో జమయగును. కావున 'ఇది క్రొత్తదా?' అను ప్రశ్న ఊరక కాలక్షేపమునకు వేయు ప్రశ్న కాదు. అది ఎవరి కష్టము ఎవరికి చెందవలెనను లెక్కకు సంబంధించినది.

ఈ లెక్క చూచుటకు మేము ఎన్నుకొన్న రికార్డు 'అండర్‌నీత్'. 'అడుగున' అని దాని అర్థము. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమునకు చెందిన 'కోడ్ ఆరెంజ్' అను బృందము దీనిని 2020 మార్చి 13వ తేదీన వెలువరించినది. ఇందు 14 భాగములున్నవి. మొత్తము ముప్పావుగంటకు కొంచెము పైగా సాగును. హార్డ్‌కోర్, మెటల్ అను రెండు ఉగ్రమైన రీతులను కలిపి వాయించుటలో అప్పటికే పేరొందిన ఈ యువకులు, ఇందులో 'ఇండస్ట్రియల్' అని పిలువబడు యంత్రశాలా రీతిని మేళవించిరి. ఇది సాటిలేని నూతన సృష్టి అని కొందరును, పాత చీరకు వేసిన క్రొత్త అద్దకమే అని కొందరును వాదించిరి.

మా పాఠకులలో పెక్కుమందికి ఈ సంగీతముతో పరిచయము లేకపోవచ్చును. ఇంటిలో పిల్లలు చెవులకు తగిలించుకొని, తలుపు మూసికొని వినునది ఇదియే కావచ్చును. వినినవారిలో కొందరికి తలనొప్పియు కలుగవచ్చును. అయినను ఒక సంగీతము మనకు నచ్చినదా లేదా యనుట ఒకటి. దానిలో ఏది ఎక్కడినుండి వచ్చినదో తెలిసికొనుట మరియొకటి. రెండవదానికి చెవి చాలును, ప్రీతి అక్కరలేదు. అందుచేత మొదట ఈ మూడు రీతుల పుట్టుకను చూతము.

మెటల్ అనగా లోహము. కొలిమికిని ఈ సంగీతమునకును గల చుట్టరికము పేరులో మాత్రమే కాదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పారిశ్రామిక నగరము. అచ్చట టోనీ అయోమీ అను యువకుడు 17 ఏండ్ల ప్రాయమున రేకుల కర్మాగారములో పనిచేయుచుండగా, కుడిచేతి రెండు వ్రేళ్ళ కొనలు యంత్రమున పడి తెగిపోయినవి. ఆయన ఎడమచేతివాటపు గిటారు వాద్యగాడు. తంత్రులను నొక్కవలసినవి ఆ కుడిచేతి వ్రేళ్ళే. ఆయన ప్లాస్టిక్ సీసాను కరగించి వ్రేళ్ళకు తొడుగులు చేసికొనెను. పలుచని తంత్రులను బిగించుకొనెను. కొన్నాళ్ళకు శ్రుతిని కూడ బాగుగా దించి వాయించెను. 1970 ఫిబ్రవరిలో వెలువడిన ఆయన బృందపు తొలి రికార్డు 'బ్లాక్ సబ్బత్'. బరువుగా, మందముగా, నేలను ఈడ్చుకొని పోవుచున్నట్లుండు ఆ ధ్వని తరువాత ఒక సంప్రదాయమైనది. యంత్రము మనుష్యుని వ్రేలు కొరికినచోట మెటల్ పుట్టినదన్నచో, అందు అతిశయోక్తి కొంత యున్నను అబద్ధము లేదు.

హార్డ్‌కోర్ పుట్టుక వేరు. 1970 దశాబ్దపు చివరను, 1980 దశాబ్దపు మొదటను కాలిఫోర్నియాలో 'బ్లాక్ ఫ్లాగ్', వాషింగ్టన్‌లో 'బ్యాడ్ బ్రెయిన్స్', 'మైనర్ థ్రెట్' మొదలైన బృందములు దీనికి రూపు దిద్దినవి. పాట నిమిషమో రెండు నిమిషములో; వేగము విపరీతము; అలంకారము శూన్యము. వాయించువారు కుర్రవాండ్రు, వినువారును కుర్రవాండ్రే. సభ జరుగునది చిన్న గదులలో. పాడువాడు మైకును జనములోనికి చాపగా జనమే పాటను అందుకొనును. ఇందు గమనింపవలసినది, అప్పటినుండి ఈ సంప్రదాయమునకు ప్రాణమువంటిది యగు ఒక ప్రతిజ్ఞ: ఒక గదిలో నలుగురు మనుష్యులు చేయగలిగినదానినే మీరు వినుచున్నారు, తెరవెనుక మాయ ఏదియు లేదు. వాద్యగానికిని శ్రోతకును నడుమ ఒక మెట్టు కూడ ఉండరాదన్నది వారి పట్టుదల.

కొలదికాలములోనే ఈ రెండు రీతులును కలిసినవి. ఆ కలయికలో 'బ్రేక్‌డౌన్' అను ఘట్టము ముఖ్యమైనది. పరుగిడుచున్న పాట హఠాత్తుగా వేగము తగ్గి, బరువైన దెబ్బలు ఎడమెడముగా పడసాగును. సభలోని జనము ఆ ఘట్టపు రాకను ముందే పసిగట్టి, శరీరములను దానికి సిద్ధము చేసికొని, దెబ్బ పడగానే ఒక్కుమ్మడిగా ఎగిరిపడుదురు. మన కచేరీలలో తనియావర్తనము ముగియు వేళ ముక్తాయింపును లెక్కించుచు, సమము పడగానే తల యూపు రసికులను తలచుకొన్నచో, ఆ యువకుల ఉత్సాహము అంత వింతగా తోచదు. రెండుచోట్లను ఆనందమునకు మూలము ఒక్కటే: రాబోవు దెబ్బను శరీరము ముందుగా ఎరిగియుండుట. ఈ విషయమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మరల దీనికే వత్తుము.

ఇక ఇండస్ట్రియల్ రీతి. యంత్రపు మోత సంగీతము కాగలదన్న ఆలోచన మనము తలచినదానికంటె చాల పాతది. 1913లో ఇటలీదేశపు చిత్రకారుడు లూయిజీ రుస్సోలో, కర్మాగారముల యుగమునకు పాత వాద్యములు చాలవనియు, రొదయే నూతన సంగీతమునకు ముడిసరుకనియు ప్రకటించెను. ప్రకటించి ఊరకుండక, పెట్టెలవలె నుండి గుర్రుమనియు బుస్సుమనియు మ్రోగు వాద్యములను నిర్మించి, 1914లో మిలాన్ నగరమున సభ చేసెను.

రేడియో గృహస్థులమైన మనకు అంతకంటె దగ్గర చుట్టము పియేర్ షెఫేర్. ఈయన ఫ్రెంచి రేడియోలో ఇంజనీరు. 1948లో ఈయన పారిస్ నగరములోని బాటిన్యోల్ స్టేషనులో రైలు ఇంజనుల శబ్దములను గ్రామఫోను పళ్ళెములమీద ముద్రించి, వానిని కోసి, కూర్చి, తిరుగవేసి ఒక కృతిని తయారుచేసెను. అదే సంవత్సరము అక్టోబరు 5వ తేదీన అది రేడియోలో ప్రసారమైనది. అప్పటికి ఆయన చేతిలో టేపు కూడ లేదు. పళ్ళెముమీది గాడిని చుట్టి చుట్టి తనలోనే కలిసిపోవునట్లు చేసి, ఒకే శబ్దము పదేపదే మ్రోగునట్లు ఆయన ఏర్పరచెను. గ్రామఫోను గల ఇండ్లలో సూది గాడిలో చిక్కుకొని ఒకే అక్షరమును వల్లించుట ఎరిగినవారికి ఈ సంగతి వేరుగా వివరింపనక్కరలేదు. మనము విసుగుతో లేచిపోయి సూదిని తప్పించుదుము. ఆయన దానినే సంగీతమనెను.

ఇండస్ట్రియల్ అను పేరు ఇంగ్లండులో పుట్టినది. లండన్ నగరమున 'థ్రాబింగ్ గ్రిజిల్' అను నలుగురి బృందము 1976లో 'ఇండస్ట్రియల్ రికార్డ్స్' అను సంస్థను స్థాపించి, మరుసటి యేడు తమ మొదటి ఆల్బమును వెలువరించినది. దానికి వారు 'రెండవ వార్షిక నివేదిక' అని పేరు పెట్టిరి. కంపెనీ కాగితములను వెక్కిరించుట వారికి సరదా. 1980లో పశ్చిమ బెర్లిన్ నగరమున 'ఐన్‌ష్టుర్త్సెండె నోయ్‌బౌటెన్' బృందము వచ్చినది. ఆ పేరునకు 'కూలుచున్న క్రొత్త కట్టడములు' అని అర్థము. వారు ఇనుపరేకులను, తుక్కులోహమును, రంధ్రములు చేయు యంత్రములను వేదికపైకి తెచ్చి వాయించిరి.

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. ఈ యంత్రశాలా రీతిని ఉగ్రమైన గిటారుతో మొదట ముడివేసినది కోడ్ ఆరెంజ్ బృందమా? కానే కాదు. షికాగో నగరమునకు చెందిన 'బిగ్ బ్లాక్' బృందములో డ్రమ్ములు వాయించు మనుష్యుడే లేడు. ఆ పని ఒక చిన్న తాళయంత్రమునకు అప్పగించి, దాని తయారీ పేరునే మనిషి పేరువలె 'రోలండ్' అని వాద్యగాండ్ర జాబితాలో ముద్రించిరి. వారి 'అటామైజర్' 1986 నాటిది. అదే నగరపు 'మినిస్ట్రీ' బృందము 1988లో గిటారు ముక్కలను యంత్రములో నిలువచేసి మరల మరల మ్రోగించు పద్ధతికి దిగినది. 1989లో, అయోమీ వ్రేళ్ళు తెగిన ఆ బర్మింగ్‌హామ్ నగరమునుండియే, 'గాడ్‌ఫ్లెష్' అను బృందము 'స్ట్రీట్‌క్లీనర్' అను రికార్డును ఇచ్చినది. గిటారునకు జస్టిన్ బ్రాడ్రిక్, క్రిందిస్థాయి తంత్రులకు గ్రీన్, తాళమునకు యంత్రము. ఆ రికార్డులోని తాళము పెద్ద సమ్మెటవలె పడుచుండును. మనుష్యుని గొంతు దాని క్రింద నలుగుచుండును. అదే సంవత్సరము 'నైన్ ఇంచ్ నెయిల్స్' పేరుతో ట్రెంట్ రెజ్నర్ తన మొదటి రికార్డును వెలువరించి, 1994 నాటి 'ది డౌన్‌వర్డ్ స్పైరల్'తో ఈ రీతిని లక్షల ఇండ్లకు చేర్చెను. 1995లో లాస్ ఏంజిలిస్ నగరపు 'ఫియర్ ఫ్యాక్టరీ' బృందములో డ్రమ్ములు వాయించువాడే యంత్రమువలె వాయించి, గిటారు దెబ్బలను డ్రమ్ముల దెబ్బలకు అంటించినట్లు కూర్చెను.

చివరకు హార్డ్‌కోర్ కుటుంబములోనే చూచినను కోడ్ ఆరెంజ్ ఒంటరి కాదు. బోస్టన్ ప్రాంతపు 'వెయిన్' బృందము 2018లో వెలువరించిన 'ఎర్రర్‌జోన్' రికార్డులో, నృత్యశాలలకు చెందిన యంత్రతాళములు హార్డ్‌కోర్ నడుమ తళుక్కుమనుచునే యున్నవి.

కావున 'మొట్టమొదటిది' అను మాట నిలువదు. ఆ మాటను అన్నవారు గాడ్‌ఫ్లెష్ వంటివారికి చెల్లవలసిన బాకీని ఎగవేసినవారే యగుదురు. ఈ విషయమున మాకు మొగమాటము లేదు.

అయితే మొదటిది కానంత మాత్రమున నూతనత్వము లేదని తీర్పు చెప్పవచ్చునా? ఇచ్చట మన యింటి ఉదాహరణ నొకదానిని చెప్పుట తప్పుగాదు. వయొలిన్ ఐరోపా వాద్యము. పంతొమ్మిదవ శతాబ్దపు ఆరంభకాలమున బాలుస్వామి దీక్షితులు మద్రాసులో పాశ్చాత్య వాద్యగానియొద్ద దానిని అభ్యసించి కర్ణాటక సంగీతమునకు అలవరచెను. వాద్యము అరువు తెచ్చినదే. కాని మనవారు దానిని పట్టు తీరును మార్చిరి. నేలపై కూర్చుండి, కొనను పాదముపై ఆనించి, శ్రుతిని షడ్జ పంచమములకు దించి, గమకమునకు వ్రేలిని జార్చిరి. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కమాను విన్న చెవికి అది అరువు సొమ్మని తోచునా? అరువు తెచ్చిన వస్తువు తెచ్చుకొన్నవాని నడకను మార్చి, తానును మారినచో అది నూతనత్వము. వచ్చిన రూపముననే మూలన కూర్చున్నచో అది గృహాలంకారము. 'అండర్‌నీత్' రికార్డును మేము ఈ కొలతతోనే కొలువదలచితిమి.

బృందపు చరిత్ర కొంత చెప్పవలెను. వీరు 2008లో పిట్స్‌బర్గ్ నగరమున బడిపిల్లలుగా నుండగనే జతకూడిరి. మొదటి పేరు 'కోడ్ ఆరెంజ్ కిడ్స్'. 2014లో 'కిడ్స్' అను తోకను తీసివేసిరి. పిట్స్‌బర్గ్ ఉక్కునగరమని లోకప్రసిద్ధి. కాని వీరు పుట్టునప్పటికే ఆ కొలిములు చల్లారినవి. పేరుమోసిన హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారము 1986లో మూతబడినది. ఇది మాకు చాల ముఖ్యముగా తోచును. గాడ్‌ఫ్లెష్ వారి తరమునకు యంత్రమనగా ఆవిరి, సమ్మెట, వేళకు మ్రోగు కూత. కోడ్ ఆరెంజ్ వారి తరమునకు యంత్రమనగా చేతిలోని టెలిఫోను, బల్లమీది కంప్యూటరు. మొదటి యంత్రము అలసట లేక తాళము వేయును. రెండవది నడుచుచు నడుచుచు నిలిచిపోవును, బొమ్మ చెదరును, మాట ముక్కలగును.

ఈ భేదమే 'అండర్‌నీత్' రికార్డునకు కీలకము. పాత ఇండస్ట్రియల్ మెటల్‌లో యంత్రము కాలమును కాపాడునది. మనుష్యుడు దాని వెంట పరుగెత్తువాడు. ఈ రికార్డులో యంత్రము కాలమును విరుచునది. డ్రమ్ములు, గిటారులు, అరుపులు మనుష్యులవే. కాని అవి ఉధృతముగా సాగుచుండగా నడుమ ఎవరో తీగను లాగివేసినట్లు శబ్దము తెగిపోవును. అరక్షణము శూన్యము. లేదా ఒకే దెబ్బ నాలుగైదు సార్లు నత్తిగా మ్రోగును. పిదప ఏమియు జరుగనట్లు పాట ముందుకు సాగును. మేము మొదటిసారి రెండవ భాగమైన 'స్వాలోయింగ్ ది రాబిట్ హోల్'ను వినుచు, మా స్పీకరు తీగ వదులైనదని భ్రమించి లేచి చూచితిమి. తీగ బాగుగనే యున్నది.

ఈ నత్తిశబ్దము కూడ వారి స్వంతము కాదని ఆక్షేపింపవచ్చును. నిజమే. షెఫేర్ గాడినుండి దీనికి వంశవృక్షము కలదు. 1990 దశాబ్దమున జర్మనీకి చెందిన 'ఓవల్' అనువారు కాంపాక్టు డిస్కులను బుద్ధిపూర్వకముగా పాడుచేసి, అవి తడబడు ధ్వనినే సంగీతముగా వెలువరించిరి. కాని అది మెత్తని, తేలికైన, ఒంటరిగా కూర్చుండి వినదగిన సంగీతము. అందు ఎవరి శరీరమును దెబ్బకొరకు ఎదురుచూచుట లేదు. హార్డ్‌కోర్‌లో ఎదురుచూపే సర్వస్వము. మునుపు చెప్పిన బ్రేక్‌డౌన్ ఘట్టమును తలచుకొనుడు. జనము సిద్ధమైనది, కాలు లేచినది, సమము పడవలసిన తావున శబ్దము లేదు. దెబ్బ అనుకొన్న క్షణమున కాక మరియొక క్షణమున, వేరొక కొలతతో పడును. ఎరిగియున్న శరీరమును ఎరుగనిదానిగా చేయుట ఇది. ఇచ్చట అరువు తెచ్చిన వస్తువు తెచ్చుకొన్నవాని నడకను మార్చినది. మార్చుటయే గాక, 'తెరవెనుక మాయ లేదు' అను హార్డ్‌కోర్ ప్రతిజ్ఞను బహిరంగముగా భంగపరచినది. శబ్దమును కోసిన చేతిని దాచుటకు వారు ప్రయత్నింపలేదు. కోత మచ్చ వినబడుటయే వారి ఉద్దేశము.

ఈ మార్పు ఒక్కరోజున వచ్చినది కాదు. 2017 జనవరిలో వెలువడిన వారి 'ఫరెవర్' రికార్డులోనే అకస్మాత్తుగా నిశ్శబ్దము దిగు తావులు కలవు. 'హర్ట్ గోస్ ఆన్' అను భాగము నిండుగా యంత్రరీతిలో నున్నది. ఆ రికార్డు పేరింటి పాట గ్రామీ బహుమతి పరిశీలనకు నిలిచినది. అయితే అచ్చట నిశ్శబ్దము ఒక గోడ, యంత్రము ఒక గది. రెండును వేరువేరుగా నుండెను. 'అండర్‌నీత్' రికార్డులో అవి పాట ఎముకలలోనికి దిగినవి. ఎరిక్ బాల్డెరోస్ గిటారును తగ్గించి కీబోర్డులకును యంత్రకల్పనకును మళ్ళినాడు. డ్రమ్ములు వాయించుచు పాడు జేమీ మోర్గాన్, నిక్ రాస్కులినెట్స్ అను అనుభవజ్ఞునితో కూడి నిర్మాణభారమును వహించినాడు. అదనపు యంత్రకల్పనకు క్రిస్ వ్రెన్నాను పిలిపించిరి. ఈయన నైన్ ఇంచ్ నెయిల్స్ బృందములో తొలినాళ్ళ వాద్యగాడు. తాము ఎవరికి ఋణపడియున్నారో వీరు దాచలేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? 'మొట్టమొదటిది' అని మురిసినవారికంటె బృందమువారే నిజాయితీగా నున్నారు.

పదునాలుగు భాగములును ఈ ఎత్తులో నున్నవా యన్నచో, లేవు. మా లెక్కకు ఐదింటిలో మాత్రమే ఆ నూతనత్వము నిండుగా పండినది. ఇంతకుముందు చెప్పిన రెండవ భాగము ఒకటి. 'ఇన్ ఫియర్' మరియొకటి. 'చల్లని లోహపు చోటు' అను అర్థము గల 'కోల్డ్ మెటల్ ప్లేస్'లో కర్మాగారపు మోతయు కంప్యూటరు తడబాటును ఒకదానితో ఒకటి కలియబడును; పిట్స్‌బర్గ్ తాతలును మనుమలును ఒకే గదిలో వాదులాడుచున్నట్లు తోచును. 'ఎరేజర్ స్కాన్', 'బ్యాక్ ఇన్‌సైడ్ ది గ్లాస్' తక్కిన రెండు.

'ది ఈజీ వే' వినుటకు ఇంపుగనే యున్నది, కాని 1994లో వెలువడినదని చెప్పినను నమ్మవచ్చును. 'సల్ఫర్ సరౌండింగ్'లో రీబా మేయర్స్ గానము చక్కనిది. ఆ గొంతులో కరుకుదనమును తీపియు పొరపొరలుగా నున్నవి. అయినను ఆ పాట నిర్మాణము 1990 దశాబ్దపు అమెరికా రేడియోపాటల బాణీయే. 'ఆటమ్ అండ్ కార్బైన్' సంగతియు అంతే. వీనిని తప్పుపట్టుట లేదు. మంచి పాటకు క్రొత్తదనము తప్పనిసరి నియమము కాదు. కాని మనము వేసికొన్న ప్రశ్నకు అవి జవాబులు కావు. చివరిదియు రికార్డు పేరుదియు నగు 'అండర్‌నీత్' పాట వింతైనది. అందు పల్లవి సులువుగా నోటికి పట్టును; దాని చుట్టును యంత్రము గీరుచునే యుండును. గ్రామీ పరిశీలనకు రెండవసారి ఈ బృందమును నిలిపినది ఈ పాటయే. నూతనత్వము తక్కువగాను మాధుర్యము ఎక్కువగాను గల పాటకే పరిశీలకులు మొగ్గుట మాకు ఆశ్చర్యము కలిగింపలేదు.

నష్టమును కూడ చెప్పవలెను. ఈ రికార్డు ఇంత నిండుగా, ఇన్ని పొరలతో నుండుటవలన, గదిలో నలుగురి ఊపిరి వినబడు ఆ పాత హార్డ్‌కోర్ సామీప్యము తగ్గినది. 2014 నాటి వారి 'ఐ యామ్ కింగ్' రికార్డును వినినచో చెమట వాసన సోకినట్లుండును. 'అండర్‌నీత్' వినునపుడు మనకును వారికిని నడుమ ఒక అద్దము నిలిచినట్లుండును. అద్దమే వారి విషయమైనను, అద్దమును ప్రేమించుట కష్టము. ఆ పాత సామీప్యము కొరకే ఈ సంగీతమునకు వచ్చిన శ్రోత అలిగినచో అతని కోపమున న్యాయము కలదు.

ఇక రికార్డు వెలువడిన మరునాటి సంగతి. మార్చి 14వ తేదీన పిట్స్‌బర్గ్ ప్రక్కనున్న మెకీస్ రాక్స్‌లో, రాక్సియన్ థియేటరున పెద్ద సభకు ఏర్పాట్లు జరిగియుండెను. అంతలో కరోనా మహమ్మారి వచ్చినది. జనము గుమికూడుటకు వీలులేక పోయినది. బృందము సభను మానుకొనలేదు. ఖాళీ కుర్చీల యెదుట, దీపములు వెలిగించి, తెరలపై చిత్రములు నడిపి, రికార్డులోని పాటలను వాయించి, కంప్యూటర్లద్వారా ప్రసారము చేసిరి. రేడియో స్టూడియోలో కానరాని శ్రోతలకొరకు పాడుట మన విద్వాంసులకు దశాబ్దములనుండి అలవాటే. కాని జనము మీదపడి మైకును లాగికొననిదే సభ కాదనుకొను హార్డ్‌కోర్‌కు అది పిడుగుపాటు. శబ్దములో వారు చేసిన ప్రయోగము అనుకోకుండ సభలోనే జరిగిపోయినది: దెబ్బ పడినది, ఎగురవలసిన శరీరములు అచ్చట లేవు. ఆ రాత్రి ప్రసారమును చూచినపుడు, ఈ రికార్డులోని శూన్యక్షణములు మాకు మొదటిసారి భయము కలిగించినవి. అంతవరకు మేము వానిని చమత్కారములనియే తలచితిమి.

సభలో ఆ కోతలను వాయించు పద్ధతియు తలచదగినదే. రికార్డులో కోసినది యంత్రము. వేదికమీద ఆ తడబాటును మనుష్యులు రేయింబవళ్ళు అభ్యసించి, అందరును ఒకే క్షణమున ఆగి, ఒకే క్షణమున మొదలిడవలెను. యంత్రపు తప్పును తప్పులేకుండ వాయించుట!

తరువాత 2023లో ఈ బృందము వెలువరించిన 'ది అబవ్' అను రికార్డు పాటదనమువైపు ఎక్కువగా వంగినది. 'స్మాషింగ్ పంప్‌కిన్స్' నాయకుడు బిల్లీ కోర్గన్ అందు ఒక పాటలో గొంతు కలిపినాడు. తాము త్రవ్విన బావిలోనే మరింత లోతునకు దిగుటకు వారు ఇష్టపడలేదని దానినిబట్టి తోచును. వారిష్టము.

ఇంటిలో దీనిని వినదలచినవారికి ఒక సూచన. నేరుగా 'అండర్‌నీత్'తో మొదలుపెట్టవద్దు. ముందు గాడ్‌ఫ్లెష్ వారి 'స్ట్రీట్‌క్లీనర్' నుండి ఒక పాటను, అది వినిన పిదప 'ఫరెవర్' నుండి 'హర్ట్ గోస్ ఆన్' పాటను విని, ఆపైన ఈ రికార్డులోని చిన్న ప్రవేశికను, దాని వెంబడి వచ్చు రెండవ భాగమును వినవలెను. ధ్వని మరీ పెంచనక్కరలేదు. ప్రక్కవాటాలోని వారికి వేరే అభిరుచులుండవచ్చును. రెండవ భాగము నడుమ శబ్దము తెగిపోయినపుడు మాత్రము లేవవలదు. తీగ బాగుగనే యుండును.